ముందు నింద, తర్వాత ప్రేమ

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ లేఖల పేజీలో ఒక పెద్దమనిషి రాసిన ఉత్తరం చదివాను. మా ఊళ్లో ఫిలిం క్లబ్ వాళ్లు గ్రంథాలయం హాల్లో వేసిన జపాన్ సినిమా గురించి ఆయన చాలా బాధపడ్డారు. యజమాని భార్య పనివాడితో లేచిపోయే కథను, పిల్లలు పోటీపరీక్షలకు చదువుకునే చోట వేయడమేమిటని అడిగారు. సగంలోనే లేచి వచ్చేశానని కూడా ఆయనే రాశారు. నేను చివరిదాకా కూర్చున్నాను. ఆయన వెళ్లిపోయిన తర్వాతే అసలు సినిమా ఉంది. అందుకని ఈ ఉత్తరం రాస్తున్నాను. పొడవు ఎక్కువైతే మన్నించండి. కత్తిరించక తప్పకపోతే పడవ దగ్గరి మాటలు మాత్రం ఉంచండి.

సినిమా పేరు ‘చికామత్సు మోనొగతారి’. 1954లో వచ్చింది. తీసినాయన కెంజి మిజొగూచి. నలుపు తెలుపు సినిమా, గంటా నలభై నిమిషాల పైన ఉంటుంది. ఈ కథ ఆయన ఊహించి అల్లింది కాదు. 1683లో క్యోటో నగరంలో ఒసాన్ అనే ఇల్లాలికీ, మోహె అనే పనివాడికీ నిజంగానే మరణశిక్ష వేశారు. మూడేళ్లు తిరక్కుండానే, 1686లో, ఇహారా సైకాకు అనే రచయిత దాన్ని కథగా రాశాడు. 1715లో చికామత్సు మొంజయెమొన్ బొమ్మలాట కోసం నాటకంగా రాశాడు. వాళ్ల బొమ్మలాట మన తోలుబొమ్మలాటలా తెర మీద ఆడేది కాదు. చెక్కబొమ్మలను జనం ఎదుటే ఆడిస్తుంటే, పక్కన ఒకాయన కూర్చుని తీగవాయిద్యం తోడుగా కథంతా గొంతెత్తి చెబుతాడు. అంటే ఆ ఇద్దరినీ చంపేసినా ఆ దేశం వాళ్లను మర్చిపోలేకపోయింది. రెండు వందల డెబ్భై ఏళ్ల తర్వాత కూడా ఒక దర్శకుడికి అది చెప్పాలనిపించింది. అంతకాలం నిలిచిన కథను ‘లేచిపోవడం’ అని తేల్చేయడం నాకు నచ్చలేదు.

నిజం చెప్పాలంటే నేను వెళ్లింది ప్రేమకథ కోసం కాదు, పంచాంగం కోసం. క్లబ్ వాళ్లు గేటుకు అంటించిన కాగితంలో, కథ జరిగేది పంచాంగాలు అచ్చువేసే ఇంట్లో అని ఉంది. మా ఆయన ఈ ఊళ్లోనే ఒక ప్రెస్సులో కంపోజిటర్‌గా చేశారు. నేనూ అక్కడే బైండింగ్‌లో చేశాను. సంక్రాంతి దాటిందంటే మాకు పంచాంగాల సీజన్ మొదలయ్యేది. ఉగాది లోపల షాపులకు చేరకపోతే ఆ సరుకు చిత్తుకాగితమే. తిథుల పట్టీలు కంపోజ్ చేయడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు. ఒక్క అంకె అటూ ఇటూ అయితే ఎవరి ఇంట్లోనో తద్దినం ఒకరోజు తప్పుతుంది. ఫారాలు మడిచి, స్కేలుతో మడత రుద్ది, వరస తప్పకుండా పేర్చి, కుట్టి, మైదా పేస్టుతో అట్ట అతికించేసరికి వేళ్ల చివర్లు తెల్లగా పొలుసులు లేచేవి. రాత్రి అన్నం కలుపుకుంటే మండేవి.

అందుకే సినిమాలో ఆ ఇల్లు కనపడగానే నాకు కొత్తగా అనిపించలేదు. పొట్టి బల్లల ముందు నేలమీద కూర్చుని పని చేసుకునే మనుషులు, చుట్టలు చుట్టిన కాగితాలు, బ్రష్షులు, లోపలికీ బయటికీ తిరిగే పనిపిల్లలు, ఎవరికెంత బాకీయో చూసుకునే గుమాస్తా. ఆ రోజుల్లో జపాన్‌లో క్యాలెండర్ ఎవరుబడితే వాళ్లు అచ్చువేయడానికి లేదు. క్యోటోలో ఆ హక్కు ఉన్న ఇంటికి రాజదర్బారు గౌరవం ఉండేది, దాంతోపాటు ధనమూ ఉండేది. సినిమాలో ఆ యజమాని పేరు ఇషున్. దర్బారు పెద్దలే అతని దగ్గరికి అప్పుకు వస్తుంటారు. మోహె ఆ ఇంట్లో అందరికన్నా పనిమంతుడు. ఒంట్లో బాగాలేక పడుకున్నవాణ్ణి లేపి మరీ పని చేయిస్తారు. అతను సణగకుండా లేచి, తల వంచుకుని, బ్రష్షు చేతిలోకి తీసుకుంటాడు. అలాంటి మనిషిని ప్రతి ప్రెస్సులోనూ ఒకణ్ణి చూశాను. యజమానికి అతను లేనిదే గడవదు. అయినా అతనిమీద చిన్న అనుమానం వస్తే చాలు, అన్నేళ్ల చాకిరీ గుర్తుకే రాదు.

ఒసాన్ ఇషున్ భార్య. అతనికన్నా చాలా చిన్నది. పుట్టింటివాళ్లు పరువున్నవాళ్లే గానీ డబ్బు చితికిపోయింది. ఆ పిల్లను డబ్బున్నవాడికి ఇవ్వడంతోనే వాళ్ల ఇల్లు నిలబడింది. కన్యాశుల్కం చూసిన జాతి మనది, ఇందులో వివరించేదేమీ లేదు. ఇచ్చింది చాలక, తోడబుట్టినవాడు మళ్లీ అప్పుల్లో పడి ఆమె దగ్గరికే వస్తాడు. ఇషున్ కోట్లకు పడగెత్తినవాడే, కానీ భార్య పుట్టింటికి మాత్రం చిల్లిగవ్వ విదల్చడు. ఇక ఆమె దిక్కుతోచక మోహెతో చెప్పుకుంటుంది. ఆమె మీద గౌరవంతో అతను యజమాని ముద్ర వేసి ఆ డబ్బు పుట్టించాలనుకుంటాడు. గుమాస్తా చూస్తాడు. చూసి, తనకూ వాటా కావాలంటాడు. మోహె ఆ పాపం మోయలేక నేరుగా యజమాని దగ్గరికి వెళ్లి తప్పు ఒప్పుకుంటాడు. ఎవరి కోసమో మాత్రం నోరు విప్పడు. అప్పుడు ఒతామా అనే పనిపిల్ల ముందుకొచ్చి, నాకోసమే చేశాడండీ అని నింద తన మీద వేసుకుంటుంది. ఇషున్‌కు ఒతామా మీద కన్ను. దాంతో కోపం రెట్టింపయి మోహెను గదిలో పెట్టి తాళం వేయిస్తాడు.

ఆ రాత్రి ఒతామా, అమ్మగారూ, అయ్యగారు రాత్రిళ్లు నా గదికి వస్తున్నారు అని ఒసాన్‌తో చెప్పేస్తుంది. మొగుణ్ణి చేతికి చిక్కించుకుని నిలదీయాలని ఒసాన్ ఆ పిల్ల గదిలో చీకట్లో కాచుకుని కూర్చుంటుంది. తాళం గదిలోంచి తప్పించుకున్న మోహె, ఒతామాకు కృతజ్ఞత చెప్పి పోదామని అదే గదికి వస్తాడు. వచ్చి చూస్తే అక్కడున్నది అమ్మగారు. ఇద్దరూ నిర్ఘాంతపోయి ఉండగానే గుమాస్తా చూస్తాడు, ఇల్లంతా లేస్తుంది. జరిగింది ఇంతే. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నది కూడా లేదు.

పెద్దమనిషి గారు లేచి వెళ్లింది సరిగ్గా ఇక్కడే అనుకుంటాను, ఎందుకంటే ఆయన ఉత్తరంలో దీని తర్వాతి సంగతి ఒక్కటీ లేదు.

ఆయనతో నేను చెప్పదలచుకున్నది కూడా ఇక్కడే ఉంది. నేరం మోపేసరికి వాళ్లిద్దరి మధ్యా ప్రేమ లేదు. మోహె మనసులో ఏముందో మనకు తెలియదు, ఒసాన్‌కు అసలే తెలియదు. ముందు నింద పడింది. నింద పడింది కాబట్టి ఇల్లు విడిచారు. ఇల్లు విడిచారు కాబట్టి ఒకరికొకరు మిగిలారు. అలా మిగిలిన తర్వాత ప్రేమ వచ్చింది. చికామత్సు నాటకంలో చీకట్లో ఆ పొరపాటు నిజంగానే జరిగిపోతుంది, ఎవరో అనుకుని ఒకరినొకరు చేరతారు. మిజొగూచి సినిమాలో దాన్ని తీసేశాడు. కావాలనే తీసేశాడని నా నమ్మకం. అది తీసేయడంతో, తప్పు మొత్తం ఆ ఇంటిదీ, ఆ చట్టానిదీ అయింది. నాటకం చివర ఒక సన్యాసి వచ్చి ఇద్దరినీ రక్షిస్తాడు. సినిమాలో అదీ లేదు.

ఇలాంటిది నేను కళ్లారా చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. ఒక పంచాంగాల సీజన్‌లో మా బైండింగ్‌లో ఒక అమ్మాయి ఉండేది. తండ్రి లేడు, అన్న సంపాదన అంతంతమాత్రం. రాత్రి పని పొద్దుపోతే ట్రెడిల్ అచ్చుమిషన్ మీద చేసే అబ్బాయి ఆమెను బస్టాండు దాకా సాగనంపి వచ్చేవాడు. నాతోపాటు ఇంకో ఇద్దరం కూడా ఆ దారినే వెళ్లేవాళ్లం. వాళ్లు నాలుగడుగులు ముందు నడిచేవాళ్లు, మేం వెనక. ఎవరో యజమాని చెవిన వేశారు. ఆయన పిలిచి అడగనైనా అడగలేదు. ఆ అమ్మాయి అన్నకు కబురు పెట్టించాడు. అన్న ప్రెస్సు గుమ్మంలోనే చెల్లెలి జుట్టు పట్టుకున్నాడు. మేం పరుగున వెళ్లి విడిపించాం. యజమాని దగ్గరికి నేనూ మా ఆయనా వెళ్లి, మేం రోజూ వెనకే ఉన్నామండీ, అలాంటిదేం లేదు అని చెప్పాం. ‘మీరు మంచివాళ్లు కాబట్టి మీకు తెలియదమ్మా’ అన్నాడు. మర్నాటి నుంచి ఇద్దరికీ పని లేదు. చేతి కింద కుట్టాల్సిన ఫారాలు అలాగే పేర్చి ఉన్నాయి, వేరేవాళ్లు కుట్టారు. ఆ ఇద్దరూ కొన్ని నెలలకు పెళ్లి చేసుకున్నారు. బయట జనం ‘చూశావా, మేం ముందే అనుకున్నాం’ అన్నారు. నేను మాత్రం ఆ అమ్మాయినే అడిగాను. ‘అక్కా, ఆ గొడవ జరిగేదాకా ఆయన ఊరేదో కూడా నాకు తెలియదు. జరిగాక నన్ను పలకరించినవాడు ఆయనొక్కడే’ అంది.

ఇప్పుడు పడవ గురించి చెబుతాను.

ఒసాన్, మోహె ఇద్దరికీ వెళ్లడానికి చోటు లేదు. దొరికితే శిలువ మీద చావు. ఆ శిక్ష ఎలా ఉంటుందో సినిమా మొదట్లోనే చూపించారు. ఒక సమురాయ్ (అక్కడి యోధుడు) భార్యనూ, ఆ ఇంటి పనివాణ్ణీ ఊరేగింపుగా తీసుకుపోతుంటే ఇషున్ ఇంటివాళ్లంతా బయటికొచ్చి చూస్తారు. ఆ చూసేవాళ్లలో ఒసానూ ఉంటుంది. సరే, అలా ఊళ్లు పట్టుకుని తిరిగి తిరిగి, దారులన్నీ మూసుకుపోయాక, క్యోటోకు అవతల ఉన్న బివా సరస్సులో మునిగి చనిపోదామనుకుంటారు. రాత్రి. సరస్సు నిండా పొగమంచు. నీళ్లెక్కడ ఆగాయో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియదు. చిన్న పడవ. నీళ్లలో పడ్డాక కాళ్లు విడిపోయి శవం చెదిరిపోకూడదని మోహె ఆమె కాళ్లు గుడ్డతో కడుతుంటాడు. అప్పుడు కూడా యజమానురాలితో మాట్లాడినట్టే మాట్లాడతాడు. చచ్చేముందు చెబితే పాపం అంటదేమో, క్షమించండి, మొదటినుంచీ మీరంటే నాకు ప్రేమ అంటాడు.

మాటలు జపాన్ భాషలో, అర్థం తెర కింద ఇంగ్లీషులో. నేను ఆ ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కునేలోపే అవి వెళ్లిపోతున్నాయి. పక్కనే కూర్చున్న మా కోడలు ప్రతి మాటా నా చెవిలో చెబుతూ వచ్చింది. ఇక్కడ మాత్రం తనూ ఆగిపోయింది. చెప్పాల్సిన అవసరం కూడా లేకపోయింది. ఒసాన్ ముఖం మారిపోయింది. కాళ్లకు కట్టు ఉండగానే ఒక్కసారిగా లేచి నిలబడబోతుంది, పడవ ఊగుతుంది. కాసేపటికి మా కోడలు మెల్లగా ‘నాకిప్పుడు చావాలని లేదు, బతకాలని ఉంది అంటోంది అత్తయ్యా’ అంది. ఒసాన్ అతన్ని పట్టుకుని వదలదు. చావడానికి తెచ్చిన పడవ అలాగే తేలుతూ పోతుంది.

నా వయసు అరవై దాటింది. ప్రేమ కోసం చచ్చిపోయే సినిమాలు నేను చాలానే చూశాను, ఏడ్చాను కూడా. ప్రేమ మాట వినగానే చావడం మానుకున్న మనిషిని మాత్రం ఎక్కడా చూడలేదు. పిల్లలు చదువుకునే చోట ఇది వేయకూడదా? ప్రేమ విఫలమైందని పురుగుమందు తాగిన పిల్లల వార్తలు మీ జిల్లా పేజీల్లో రాని వారం ఉందా? చావుకు సిద్ధపడి కూడా బతుకు వైపు తిరిగిన ఒక ఆడమనిషిని వాళ్లకు చూపించడంలో తప్పేముందో నాకు అర్థం కాలేదు.

దాని తర్వాత కొండ మీద ఇంకో సీను ఉంది. మోహె ఆలోచించుకుంటాడు. తను తప్పుకుంటే ఆమె ఇంటికి వెళ్లగలదు, ప్రాణం దక్కుతుంది అని. చెప్పకుండా ఆమెను విడిచి కొండ దిగుతాడు. ఆమె తెలుసుకుని పేరు పెట్టి కేక వేస్తూ ఏటవాలు దారిలో పరుగెత్తుతుంది. కాలు అప్పటికే నలిగి ఉంది. కుంటుతూ, పడుతూ, మళ్లీ లేస్తూ. అతను చాటున దాక్కుని చూస్తుంటాడు. చివరికి ఆమె పడిపోయి లేవలేకపోతే తట్టుకోలేక బయటికొస్తాడు. వచ్చి ముందుగా చేసేది ఆ దెబ్బతగిలిన పాదాన్ని చేతుల్లోకి తీసుకోవడం. ఇన్నేళ్లూ ఆమె ముందు నేలకు వంగి దండం పెట్టిన పనివాడే అతను. ఇప్పుడూ వంగే ఉన్నాడు, కానీ ఇది వేరు. ఆమె కూడా, నువ్విక పనివాడివి కావు, నా భర్తవు అని చెబుతుంది. ఒసాన్‌గా వేసిన క్యోకో కగావాకు అప్పటికి పాతికేళ్లు కూడా లేవు. మొదట్లో అడుగు తీసి అడుగు వేయాలంటే ఆలోచించే ఇల్లాలిగా కనిపించిన పిల్ల, ఈ కొండ మీదికి వచ్చేసరికి జుట్టు చెదిరి, బట్టలు మాసి, గొంతు పగిలేలా అరుస్తుంది. ఒకే మనిషా అనిపించింది. మోహెగా వేసిన కజుఓ హసెగావా ఆ రోజుల్లో వాళ్ల పెద్ద స్టార్. అయినా సినిమా అంతా ఒదిగి ఒదిగి ఉన్నాడు.

కెమెరా కజుఓ మియాగావా, సంగీతం ఫుమియో హయసాకా అని మా కోడలు చెప్పింది. సంగీతమంటే పాటలు ఉండవు. చెక్కలు కొట్టిన చప్పుడు, తీగ లాగి వదిలినట్టు ఒక మోత, అంతే. అది పడ్డప్పుడల్లా గుండె జల్లుమంటుంది.

నన్ను ఇంకా వేధిస్తున్నది ఆ ఇద్దరి పెద్దవాళ్లు. మోహె తండ్రి పల్లెటూరి బీదవాడు. కొడుకు వచ్చి గుమ్మంలో నిలబడితే భయపడతాడు, పొమ్మంటాడు, మళ్లీ ఉండనిస్తాడు. ఊరివాళ్లూ అధికారులూ వచ్చి ఒసాన్‌ను తీసుకుపోయి, మోహెను కట్టేసి ఉంచితే, ఆ ముసలాయన రాత్రి లేచి కొడుకు కట్లు విప్పుతాడు. పొగడడు, తిట్టడు. విప్పి పంపిస్తాడు. అలా పంపితే తన గతి ఏమవుతుందో ఆయనకు బాగా తెలుసు.

ఒసాన్ తల్లిది ఇంకో రకం. కూతురిని పుట్టింటికి చేరిస్తే ఆమె ప్రేమగానే దగ్గరికి తీసుకుంటుంది. తీసుకుని, మొగుడింటికి వెళ్లిపోమని బతిమాలుతుంది. ఆమె చెడ్డతల్లి కాదు. మన ఇళ్లలో ‘సర్దుకుపోవే’ అని కన్నీళ్లు తుడిచి పంపే తల్లులు చెడ్డవాళ్లా? కానీ ఆ మాటతో కూతుళ్లు ఎక్కడికి వెళ్తున్నారో ఆ తల్లి ముఖంలో కనపడింది. నా వెనక వరసలో ఎవరో ఆడమనిషి ముక్కు చీదుకోవడం వినపడింది. ఎవరి కోసం ఒసాన్ ఇంత కష్టంలో పడిందో ఆ తోడబుట్టినవాడే వెళ్లి పట్టిస్తాడు. అప్పు తీర్చమని ఏడ్చిన నోటితోనే. ఇందులో ఎక్కువ చేసి చూపించిందేమీ లేదు. దర్శకుడు వాణ్ణి రాక్షసుడిగా కూడా చూపించలేదు. ఇల్లు నిలబెట్టుకోవాలనుకునే మామూలు మనిషిగానే చూపించాడు.

ఇషున్ సంగతి కూడా పెద్దమనిషి గారు గమనించి ఉంటే బాగుండేది. అతనికి భార్య మీద ప్రేమ లేదు, కోపం కూడా అంత లేదు. ఉన్నదల్లా టెన్షన్. ఇంట్లో ఇలాంటిది జరిగితే యజమాని సర్కారుకు చెప్పి తీరాలి. దాచిపెట్టాడని తేలితే ఇల్లు జప్తు, ఊరు నుంచి వెళ్లగొట్టడం. చెబితే పరువు, క్యాలెండర్ హక్కు రెండూ ప్రమాదంలో పడతాయి. పోటీ వ్యాపారి ఆ హక్కు కోసం కాచుకుని ఉన్నాడు, గుమాస్తా అతనితో చేతులు కలిపాడు. అందుకని ఇషున్ మనుషులను పంపి, ఇద్దరూ కలిసి దొరక్కూడదు, ఆమె ఒక్కతే దొరకాలి అని వెతికిస్తాడు. పనిపిల్ల గదికి రాత్రిళ్లు వెళ్లినవాడికి చట్టం ఏ శిక్షా వేయలేదు. చీకటి గదిలో కూర్చున్న భార్యకు మాత్రం శిలువ. చివరికి దాచిపెట్టిన నేరానికే ఇషున్ ఇల్లూ కూలిపోతుంది.

ఇది ఎప్పటిదో, ఎక్కడిదో అనుకోవడానికి లేదు. భార్య వివాహం దాటితే నేరమనే చట్టం జపాన్‌లో యుద్ధం తర్వాత 1947 దాకా ఉంది. భర్తకు వర్తించేది కాదు. భర్త ఫిర్యాదు చేస్తే భార్యకూ, ఆమెతో ఉన్నవాడికీ జైలు. మిజొగూచి ఈ సినిమా తీసేనాటికి ఆ చట్టం పోయి ఏడేళ్లే అయింది. మన దగ్గర 1860 నాటి శిక్షాస్మృతిలో 497వ సెక్షన్ ఉండేది. అందులో భార్యకు శిక్ష లేదు గానీ, ఆమెను భర్త సొత్తుగానే లెక్కగట్టారు. భర్త ఒప్పుకుంటే నేరం లేదు, ఒప్పుకోకపోతే నేరం. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది 2018 సెప్టెంబర్ 27న. అదే ఏడాది మార్చిలో, వయసొచ్చిన ఇద్దరు ఇష్టపడి పెళ్లి చేసుకుంటే అడ్డుపడే హక్కు కుటుంబానికి గానీ, కులపెద్దలకు గానీ లేదని కూడా చెప్పింది. చట్టాలు మారాయి. కులం తక్కువవాణ్ణి చేసుకుందని అల్లుడిని చంపించిన తండ్రుల గురించి ఆ తర్వాత కూడా మీ పత్రికలోనే చదివాను. మూడు వందల ఏళ్ల కిందటి క్యోటోలో కనీసం ఆ శిక్ష వేసింది సర్కారు. ఇక్కడ కన్నవాళ్లే వేస్తున్నారు. ఈ సినిమా చూడాల్సింది ముందు పిల్లలు కాదు, మేం. అంటే పెళ్లీడు పిల్లలున్న అమ్మానాన్నలం.

ఆఖరి సీను గురించి పెద్దమనిషి గారికి చెప్పాలి, ఆయన చూడలేదు కాబట్టి. ఒసాన్‌నూ మోహెనూ వీపుకు వీపు ఆనించి కట్టి, ఒకే గుర్రం మీద ఊరేగిస్తారు. మొదట్లో చూపించిన ఊరేగింపే, వీధులూ అవే. ఇషున్ ఇంటి పనివాళ్లు బయటికొచ్చి చూస్తారు. కట్టేసి ఉన్నా ఇద్దరి చేతులూ ఒకదాన్నొకటి పట్టుకునే ఉంటాయి. అమ్మగారి ముఖం ఇంత కళగా ఉండగా ఎప్పుడూ చూడలేదు అని పనివాళ్లలో ఒకామె అంటుంది. సినిమా ఆ చావును గొప్పగా చూపించలేదు, ఆమె ఎందుకు నవ్వుతోందో చెప్పనూ లేదు. నాకు తోచింది ఇదీ. పెళ్లయిన దగ్గరినుంచి ఆమె ఏం చేసినా ఎవరో చెప్పిందే చేసింది. పుట్టింటి కోసం పెళ్లి, మొగుడి కోసం మౌనం, తోడబుట్టినవాడి కోసం అప్పు. ఆమె తనంతట తాను తీసుకున్నది ఇదొక్కటే. దాన్ని చూసి ఆడపిల్లలు చెడిపోతారని నేననుకోను. హాల్లో వెనక బెంచీల్లో కూర్చున్న కాలేజీ పిల్లలు సినిమా అయ్యాక కూడా కాసేపు లేవలేదు. మెట్లు దిగుతూ ఒక అమ్మాయి తన స్నేహితురాలితో, ‘ఆ తల్లి ఒక్కమాట అంటే సరిపోయేది కదే’ అంది. పిల్లలు గమనించేది సరిగానే గమనిస్తున్నారు.

మిజొగూచి ఈ సినిమా తీసిన రెండేళ్లకే, 1956 ఆగస్టులో, క్యోటోలోనే చనిపోయాడు. ఆయన సినిమాల నిండా ఇలాంటి ఆడవాళ్లే ఉంటారని మా కోడలు చెప్పింది. మిగతావి కూడా చూడాలని ఉంది.

సంపాదకులకు నా విన్నపాలు రెండు. హాల్లో ఏ సినిమా వేస్తున్నారో, ఏ వేళకో మీ జిల్లా ఎడిషన్‌లో ‘నేడు నగరంలో’ దగ్గర రెండు లైన్లు వేయండి. పురాణ కాలక్షేపాలకూ, ఉచిత వైద్య శిబిరాలకూ వేస్తున్నట్టే. గేటుకు అంటించిన కాగితం చూసి వచ్చేవాళ్లు ఎంతమందని? ఇక పెద్దమనిషి గారి ఉత్తరం చూసి గ్రంథాలయం వాళ్లు వెనక్కి తగ్గుతారేమోనని నాకు భయంగా ఉంది. అలా తగ్గకుండా ఈ ఉత్తరం కూడా దయచేసి అదే పేజీలో, అదే చోట వేయండి.

ఫిలిం క్లబ్ వాళ్లకు ఒక మాట. అందరి పక్కనా మా కోడలు ఉండదు. ఇంగ్లీషు అక్షరాలు వేగంగా పోతుంటే నాలాంటివాళ్లు సగం కథ పోగొట్టుకుంటారు. సినిమాకు ముందు ఒక కాగితం మీద రెండు వైపులా, కథ మొదటి సగమూ, పాత్రల పేర్లూ, ఎవరు ఎవరికి ఏమవుతారో తెలుగులో అచ్చువేసి ఇవ్వండి. చివర ఏమవుతుందో మాత్రం రాయొద్దు. మీరు రాసిస్తే అచ్చు పని నేను చూస్తాను. మా ఆయన పాత స్నేహితులు ఇద్దరు ముగ్గురు ఇప్పటికీ ఆఫ్‌సెట్ నడుపుతున్నారు, కాగితం ఖర్చుకు మించి తీసుకోరు. ఆ ఖర్చు నేను పెట్టుకుంటాను. మడత కూడా నేనే వేస్తాను. వచ్చే నెల సినిమాకు వారం ముందు రాసిన ప్రతి అందితే చాలు. గ్రంథాలయం కౌంటర్లో ఇచ్చి వెళ్లండి, సాయంత్రాలు నేను అక్కడే పేపర్లు చదువుకుంటూ ఉంటాను.

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు,
సత్యనారాయణపురం, విజయవాడ.